ఒంట్లో పేరుకున్న కొలెస్ట్రాల్ బయటికి పోవాలంటే ఏం చేయాలి

మా ల్యాబ్ కౌంటర్ దగ్గర రోజూ కనీసం ఇద్దరు ముగ్గురు అడిగే ప్రశ్న ఒకటుంది. రక్తంలో కొవ్వుల్ని కొలిచే లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు చేతికి రాగానే, అంకెల పక్కన పైకీ కిందికీ ఉన్న బాణాలు చూసి, అందరూ ముందు వేలు పెట్టేది మంచి కొలెస్ట్రాల్ అని పేరున్న హెచ్‌డీఎల్ మీదే. మొన్న వేసవిలో ఒకాయన వచ్చారు, 40 దాటిన మనిషి, బీపీ మాత్ర వాడుతున్నారు. "మేడం, మంచి కొలెస్ట్రాల్ 34 వచ్చింది, ఇది పెరగాలంటే ఏం తినాలి? మందేమైనా ఉందా?" అన్నారు. అప్పటికే నెల రోజుల నుంచి పొద్దున్నే పరగడుపున వెల్లుల్లి, నిమ్మరసం తాగుతున్నారట, కడుపులో మంట తప్ప ఇంకేమీ మారలేదట.

నేను డాక్టర్ని కాదు, బయోకెమిస్ట్రీ చదువుకుని 16 ఏళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్న దాన్ని. మందు రాయడం నా పని కాదు. కానీ ఆ అంకెల వెనక ఒంట్లో ఏం జరుగుతుందో, మన వైపు నుంచి ఏం చేస్తే ఆ పని సాఫీగా సాగుతుందో చెప్పగలను. ఆయనకి నిలబెట్టి పావుగంట చెప్పాను, మీకు కాస్త తీరిగ్గా చెబుతాను.

ముందు ఆ దారేమిటో తెలుసుకోండి

కొలెస్ట్రాల్‌ని మన ఒళ్లు కాల్చుకోలేదు. ఈ ఒక్క ముక్క చాలామందికి తెలియదు. అన్నంలోంచి వచ్చిన చక్కెరని కణం కాల్చి శక్తిగా వాడుకుంటుంది, నూనెలోని కొవ్వునీ అలాగే కాల్చుకుంటుంది, కొలెస్ట్రాల్ అణువులో నాలుగు వలయాలు అతుక్కుని ఉన్న కట్టు ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని విడగొట్టే సాధనం మాత్రం మన ఒంట్లో ఏ కణానికీ లేదు. అందుకే చెమట పట్టేలా నడిస్తే కొలెస్ట్రాల్ కరిగిపోతుంది, వేడినీళ్లు తాగితే కరిగిపోతుంది అనే మాటలు పట్టించుకోకండి. నడిస్తే లాభం ఉంది, అది వేరే రకంగా, దాని సంగతి కిందికి వెళ్లాక చెబుతాను. కొలెస్ట్రాల్ బయటికి పోవడానికి ఉన్నది దాదాపు ఒకటే దారి: అది లివర్‌కి చేరాలి, అక్కడ పైత్యరసంలో కలవాలి, పేగుల్లోకి దిగాలి, మలంతో పాటు పోవాలి.

మరి అది పేరుకునేది ఎక్కడ? రక్తనాళాన్ని పైపులా, కొలెస్ట్రాల్‌ని పైపులో పట్టిన పాచిలా ఊహించుకుంటాం. నిజానికి అది పేరుకునేది నాళం లోపలి పొర కింద, గోడలోనే. ఎల్‌డీఎల్ అనే రేణువులు లివర్ నుంచి బయల్దేరిన కొలెస్ట్రాల్‌ని మోసుకుంటూ రక్తంలో తిరుగుతుంటాయి. అవి ఎక్కువై, ఎక్కువ కాలం తిరుగుతుంటే కొన్ని ఆ పొర దాటి గోడలోకి చొరబడి అక్కడే చిక్కుకుని చెడిపోతాయి. వాటిని శుభ్రం చేయడానికి మాక్రోఫేజ్ అనే తెల్లరక్తకణం వస్తుంది, వచ్చి మింగుతుంది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. మామూలు కణమైతే తనకి సరిపడా కొలెస్ట్రాల్ రాగానే తలుపు మూసేస్తుంది, మాక్రోఫేజ్‌కి చెడిపోయిన ఎల్‌డీఎల్ విషయంలో ఆ తలుపు లేదు, వచ్చినంతా మింగుతూనే ఉంటుంది. మింగిన కొలెస్ట్రాల్‌ని చిన్న చిన్న బొట్లుగా మార్చి లోపల దాచుకుంటుంది. మైక్రోస్కోప్ కింద చూస్తే ఆ కణం నిండా సబ్బు నురగలా కనిపిస్తుంది, అందుకే దానికి నురగ కణం అని పేరు. ఇలాంటివి గుంపుగా చేరి, కొన్ని అక్కడే చచ్చి, వాటి చుట్టూ పీచులాంటి గట్టి కవచం ఏర్పడి, సున్నం పట్టి, ఏళ్ల తరబడి పెరిగితే దాన్నే అథెరోస్క్లెరోసిస్ అంటాం. ఆ కవచం ఒకరోజు చిట్లి దాని మీద రక్తం గడ్డకడితే గుండెపోటు.

ఇక ఒళ్లు చేసుకునే ఏర్పాటు చూడండి, నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా ఇది చెబుతుంటే ముచ్చటేస్తుంది. కొలెస్ట్రాల్‌తో నిండిన మాక్రోఫేజ్ గోడ మీద ఏబీసీఏ1 అనే పంపు ఉంటుంది. లోపల కొలెస్ట్రాల్ పెరిగేకొద్దీ కణం ఆ పంపుల్ని ఎక్కువగా తయారు చేసుకుంటుంది. లివర్, పేగు కలిసి తయారు చేసే అపో ఏ1 అనే ప్రొటీను దాదాపు ఖాళీ చేతులతో వచ్చి ఆ పంపు దగ్గర నిలబడితే, పంపు దానికి కొలెస్ట్రాల్ అందిస్తుంది. అప్పుడు ఏర్పడే చిన్న బిళ్లలాంటి రేణువే హెచ్‌డీఎల్ పుట్టుక. రక్తంలో ఎల్‌క్యాట్ అనే ఎంజైము ఆ కొలెస్ట్రాల్‌ని రేణువు మధ్యలోకి జారేలా మారుస్తుంది, దాంతో బిళ్ల ఉబ్బి ఉండలా అవుతుంది, పైన మళ్లీ చోటు ఖాళీ అవుతుంది, ఇంకొంత ఎక్కించుకుంటుంది. ఆ ఉండ లివర్‌కి చేరి సరుకు దింపేసి మళ్లీ తిరుగు ప్రయాణం కడుతుంది. కొంత సరుకుని దారిలోనే ఎల్‌డీఎల్ చేతికి ఇచ్చేస్తుంది, ఆ ఎల్‌డీఎల్‌ని లివర్ తన మీద కొక్కేల్లా ఉండే రిసెప్టర్లతో పట్టి లోపలికి లాక్కుంటుంది. ఈ వెనక్కి తెచ్చే ప్రయాణం గురించి జాన్ గ్లోమ్‌సెట్ అనే శాస్త్రవేత్త 1968లోనే చెప్పారు.

ఆ పంపు లేకపోతే ఏమవుతుందో ఒక పిల్లవాడి గొంతులో కనిపించింది. అమెరికాలో వర్జీనియా తీరాన చెసపీక్ అఖాతంలో టాంజియర్ అనే చిన్న దీవి ఉంది. 1960 ప్రాంతంలో అక్కడి 5 ఏళ్ల పిల్లవాడికి టాన్సిల్స్ తీస్తే అవి మామూలుగా ఎర్రగా కాకుండా పెద్దగా ఉబ్బి, నారింజ రంగులో ఉన్నాయి. అమెరికా వైద్య పరిశోధకుడు డొనాల్డ్ ఫ్రెడ్రిక్‌సన్ బృందం పరీక్షిస్తే వాటి నిండా కొలెస్ట్రాల్, రక్తంలో హెచ్‌డీఎల్ దాదాపు లేనే లేదు. ఆ జబ్బుకి టాంజియర్ అనే పేరే స్థిరపడింది. కారణం ఏబీసీఏ1 జన్యువులో లోపమని తేలడానికి 1999 దాకా పట్టింది. బయటికి పంపే పంపు లేకపోతే కణం తాను మింగిన కొలెస్ట్రాల్‌లో తానే కూరుకుపోతుందన్నమాట.

రిపోర్టులో ఏ అంకె చూడాలో తెలుసుకోండి

ఇంత కథ విన్నాక ఎవరికైనా "మరి హెచ్‌డీఎల్ పెంచుకుంటే సరిపోతుంది కదా" అనే అనిపిస్తుంది. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. టార్సెట్రాపిబ్ అని ఒక మందు తయారు చేశారు, అది హెచ్‌డీఎల్‌ని ఏకంగా 72 శాతం పెంచింది. దాదాపు 15,000 మంది మీద పరీక్షిస్తే మందు వాడినవాళ్లలో మరణాలు పెరిగాయి, 2006 డిసెంబరులో ఆపేశారు. నియాసిన్ అనే మందు కూడా హెచ్‌డీఎల్ అంకెని పెంచుతుంది, 25,000 మందికి పైగా పాల్గొన్న ట్రయల్‌లో స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రకి అదనంగా ఇచ్చి చూస్తే గుండెపోట్లు తగ్గలేదు, ఇతర ఇబ్బందులు మాత్రం పెరిగాయి. ఇటు చూస్తే ఇటలీలో గార్డా సరస్సు ఒడ్డున లిమోనె అనే ఊరు ఉంది. అక్కడ కొన్ని కుటుంబాల్లో అపో ఏ1 ప్రొటీనులో చిన్న మార్పు ఉందని 1970లలో మొదలుపెట్టిన పరిశోధనలో మిలాన్ వైద్యులు గుర్తించారు. వాళ్ల హెచ్‌డీఎల్ చాలా తక్కువ, రక్తనాళాలు మాత్రం ఆరోగ్యంగానే ఉన్నాయి.

ఎందుకిలా? రిపోర్టులో మేము ఇచ్చే హెచ్‌డీఎల్ అంకె ఆ క్షణాన హెచ్‌డీఎల్ రేణువుల్లో ఎంత కొలెస్ట్రాల్ ఉందో చెబుతుంది, అంతే. ఆర్టీసీ స్టాండులో ఎన్ని బస్సులు ఆగి ఉన్నాయో లెక్కపెడితే రోజుకి ఎంతమంది ఊరు చేరారో తెలియదు కదా. పైగా హెచ్‌డీఎల్‌లో ఉండే కొలెస్ట్రాల్‌లో నాళం గోడలోని మాక్రోఫేజ్‌ల నుంచి వచ్చింది చాలా కొద్ది భాగమే. మాక్రోఫేజ్‌ల నుంచి కొలెస్ట్రాల్‌ని లాగే సామర్థ్యాన్ని నేరుగా కొలిచే పద్ధతి పరిశోధనశాలల్లో ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో దాంతో కొలిచి చూస్తే, ఆ సామర్థ్యం బాగున్నవాళ్లలో, హెచ్‌డీఎల్ అంకె ఎంతున్నా సరే, నాళాల జబ్బు తక్కువగా కనిపించింది. ఆ పరీక్ష మాలాంటి ల్యాబుల్లో చేయరు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. పెన్ను తీసుకుని మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి. వచ్చిన దాన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు, గోడలో చేరగల సరుకంతా ఈ అంకెలో ఉంటుంది. నేను చెప్పినాయన రిపోర్టులో మొత్తం 215, హెచ్‌డీఎల్ 34, అంటే నాన్ హెచ్‌డీఎల్ 181. ఆయన 34 దగ్గరే ఆగిపోయారు, నేను 181 చుట్టూ గుండ్రంగా గీసి ఇచ్చాను.

ఎంత ఉండాలి అంటే, కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దగా ముప్పు లేనివాళ్లకి ఎల్‌డీఎల్ 100 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 130 లోపు. షుగరో బీపీయో ఉన్నవాళ్లకి ఎల్‌డీఎల్ 70 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 100 లోపు. గుండెపోటు గానీ పక్షవాతం గానీ ఒకసారి వచ్చినవాళ్లకి ఎల్‌డీఎల్ 55 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 85 లోపు. మా రిపోర్టుల మీద అచ్చయ్యే "నార్మల్" గడి అందరికీ ఒకటే ఉంటుంది, స్టెంటు వేయించుకున్నాయనకీ పాతికేళ్ల కుర్రాడికీ అదే గడి. దాన్ని చూసి "నార్మల్‌లోనే ఉంది" అని ధీమాగా ఇంటికెళ్లిపోయేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. మీ జబ్బుల్ని బట్టి మీ హద్దు ఎంతో డాక్టర్‌ని అడిగి రిపోర్టు మీద రాయించుకోండి.

ఇంకో మాట. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన తేలే సీరం మామూలుగా లేత గడ్డిరంగులో తేటగా ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే మామూలు కొవ్వు, బాగా ఎక్కువున్నవాళ్లది పాలు కలిపిన నీళ్లలా వస్తుంది, ట్యూబు చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. ఎల్‌డీఎల్ ఒక్కటే 200 ఉన్నవాళ్ల సీరం మాత్రం అద్దంలా తేటగానే ఉంటుంది. ట్యూబులోనే కనిపించనిది ఒంట్లో ఏం కనిపిస్తుంది? "నాకేం ఇబ్బంది లేదు కదా, పరీక్షెందుకు" అనకండి, 18 ఏళ్లు నిండిన ఎవరైనా ఒకసారి చేయించుకోవాలన్నది ఆ మార్గదర్శకాల మాటే. పరగడుపునే రావాలని కూడా లేదు, ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ వస్తే మాత్రం 10-12 గంటలు ఏమీ తినకుండా మళ్లీ ఇవ్వండి. వీలైతే లైపోప్రొటీన్ ఏ అనే పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించండి, అది పుట్టుకతో వచ్చేది, డెసిలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే మిగతావన్నీ ఇంకా గట్టిగా అదుపులో పెట్టుకోవాలి.

వచ్చేది తగ్గించండి

గోడలోకి వచ్చిపడేది ఎక్కువగా ఉంటే మోసుకుపోయేవి ఎంత కష్టపడినా చాలదు. అందుకని మొదటి పని వంటింట్లో. నెలకి ఇంటికి ఎంత నూనె వస్తోందో లెక్కేయండి. నలుగురున్న ఇంట్లో 5 లీటర్ల క్యాన్ నెలలో అయిపోతోందంటే మనిషికి రోజుకి దాదాపు 42 మిల్లీలీటర్లు, అంటే ఎనిమిది చిన్న చెంచాలు. బయట తిన్న బజ్జీలూ పునుగులూ ఇందులో లేవు. అదే క్యాన్ రెండు నెలలు వచ్చేలా చేస్తే మనిషికి నాలుగు చెంచాలు. క్యాన్ మీద తెరిచిన తేదీ మార్కర్‌తో రాసి పెట్టండి, మా ఇంట్లో అలాగే చేస్తాం, తేదీ కళ్లకి కనిపిస్తుంటే పోపులో చెయ్యి దానంతటదే తగ్గుతుంది.

ఏ నూనె అన్నది కూడా ముఖ్యమే. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు (శాచురేటెడ్ ఫ్యాట్), కొబ్బరినూనెలో 90 శాతం దాకా, నెయ్యిలో సగానికి పైనే. వేరుశనగ, నువ్వుల నూనె, సన్‌ఫ్లవర్‌లలో అంతకంటే చాలా తక్కువ. సంతృప్త కొవ్వు ఎక్కువైతే లివర్ మీద ఎల్‌డీఎల్‌ని పట్టుకునే రిసెప్టర్లు తగ్గుతాయి. అప్పుడు ఎల్‌డీఎల్ లివర్‌లోకి పోలేక రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. ముద్దపప్పులో చెంచాడు నెయ్యికి నేనేమీ అడ్డు చెప్పను, పొద్దున నెయ్యి దోసె, మధ్యాహ్నం నెయ్యి, సాయంత్రం బేకరీ పఫ్ అంటేనే అడ్డు చెబుతాను. బేకరీ సరుకులో, బండి మీద మరిగి మరిగి నల్లబడిన నూనెలో ఏముంటుందో మీకు చూపించేవాళ్లుండరు. కోడిగుడ్డు గురించి అందరూ అడుగుతారు, చాలామందికి రోజుకి ఒకటి తింటే పెద్ద తేడా రాదు, షుగరూ గుండె జబ్బూ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగండి.

పోయే గుమ్మం తెరిచి ఉంచండి

ఇది అందరూ వదిలేసే పని. నేను ఎక్కువగా చెప్పాలనుకున్నదీ ఇదే.

రోజూ పేగుల్లోకి తిండి ద్వారా దిగే కొలెస్ట్రాల్ 200-300 మిల్లీగ్రాములైతే, లివర్ పైత్యరసం ద్వారా దింపేది దాదాపు ఒక గ్రాము. నాళం గోడలోంచి అంత శ్రమపడి తెచ్చిన సరుకు కూడా ఇందులోనే ఉంటుంది. అయితే గుమ్మం దాకా వచ్చిన దాంట్లో దాదాపు సగాన్ని పేగు మళ్లీ లోపలికి పీల్చేసుకుంటుంది. పైత్యరసంలో ఉండే పైత్య ఆమ్లాలు కూడా కొలెస్ట్రాల్‌తో తయారైనవే, వాటిలో 95 శాతం తిరిగి లివర్‌కే చేరతాయి. పోయిన ఆ కొద్దిపాటి లోటు తీర్చడానికి లివర్ కొత్తగా కొలెస్ట్రాల్‌ని వాడి పైత్య ఆమ్లాలు చేస్తుంది. మరి ఆ లోటుని మనం కాస్త పెంచితే? లివర్ ఇంకా ఎక్కువ కొలెస్ట్రాల్‌ని ఖర్చు పెట్టాలి, దానికోసం రిసెప్టర్లు పెంచి రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కోవాలి.

ఆ పని చేసేది జిగురుగా నానే పీచు. బెండకాయ కోస్తే చేతికంటే జిగురు, మెంతులు రాత్రి నానబెడితే పొద్దున్నకి గిన్నెలో కనిపించే జిగట, అదే. అది పేగులో పైత్య ఆమ్లాల్ని తనలో చిక్కించుకుని మలంతో పాటు తీసుకుపోతుంది. పొట్టుతో ఉన్న పెసలు, ఉలవలు, శనగలు, అలసందలు, గోరుచిక్కుడు, జామకాయ, బార్లీ, ఓట్స్, వీటన్నిటిలోనూ ఉంది. ఓట్స్‌లో ఉండే బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు రోజుకి 3 గ్రాములు తింటే ఎల్‌డీఎల్ ఓ 5 శాతం దాకా తగ్గుతుంది, ఆ 3 గ్రాములకి ఓట్స్ 75 గ్రాముల దాకా పడతాయి. ఉప్మాలా చేసుకోండి, ప్యాకెట్లో తీపి కలిపినవి వద్దు. పెసరట్టు పొట్టు పెసలతో వేసుకోండి, పొట్టు కడిగేసి పారబోయకండి. ఉలవచారు కాచినరోజు ఉడికిన ఉలవల్ని పశువులకి పెట్టేస్తుంటాం, కొన్ని తాలింపు వేసుకుని గుగ్గిళ్లుగా తినండి, పీచంతా అందులోనే ఉంది.

ఇవి కుదరనివాళ్లకి ఇసబ్గోల్ పొట్టు. రోజుకి 7 నుంచి 10 గ్రాములు, మొదటి వారం అందులో సగంతో మొదలుపెట్టండి, లేకపోతే కడుపు ఉబ్బరిస్తుంది. నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగేసి పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగండి, పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డంపడే ప్రమాదం ఉంది. మీ మిగతా మాత్రలకీ దీనికీ రెండు గంటల తేడా ఉంచండి, థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు ఎంత తేడా ఉండాలో డాక్టర్‌ని అడగండి.

మోసేవాటిని చెడగొట్టకండి

పొగ మానండి. సిగరెట్, బీడీ, చుట్ట ఏదైనా సరే. పొగలోని పదార్థాలు హెచ్‌డీఎల్‌నీ ఎల్‌క్యాట్ ఎంజైమునీ దెబ్బతీస్తాయి, మానేసిన కొన్ని వారాలకే హెచ్‌డీఎల్ కోలుకోవడం మొదలవుతుంది.

ఇక మనవాళ్ల సంగతి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన ఇండియాబ్ అధ్యయనం 2014లో ప్రచురించిన ఫలితాల్లో దేశంలోని నాలుగు ప్రాంతాల్లో పరీక్షించినవాళ్లలో నూటికి 72 మందికి హెచ్‌డీఎల్ తక్కువ. మా ల్యాబ్‌లో కనిపించేదీ అదే, చాలావరకు దానికి జోడీగా ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, ముందుకొచ్చిన బొజ్జ. ఈ మూడూ ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువైతే అవి హెచ్‌డీఎల్‌లోకి చేరి, దాని కొలెస్ట్రాల్ బయటికి వెళ్లిపోతుంది, అలా మారిన హెచ్‌డీఎల్ త్వరగా అరిగిపోయి దాని అపో ఏ1 కిడ్నీల దారిన పోతుంది. కాబట్టి హెచ్‌డీఎల్‌ని నేరుగా పెంచడానికి తాపత్రయపడే బదులు ట్రైగ్లిజరైడ్లని దించండి. దానికి మన చేతిలో ఉన్నవి: కంచంలో అన్నం మూడో వంతు తగ్గించి ఆ చోట్లో కూర, పప్పు వడ్డించుకోవడం, కూల్‌డ్రింకులూ స్వీట్లూ మానడం, మద్యం మానడం. కొంచెం తాగితే హెచ్‌డీఎల్ పెరుగుతుందని కొందరు వాదిస్తారు, అంకె పెరుగుతుంది నిజమే, ట్రైగ్లిజరైడ్లూ బీపీ కూడా పెరుగుతాయి, పెరిగిన ఆ అంకెతో ఉపయోగమేమిటో పైన చెప్పానుగా.

నడక లాభం పైన చెబుతానన్నానే, అది ఇక్కడే, ట్రైగ్లిజరైడ్లు దించడంలో. వారానికి 150 నిమిషాలు నడవండి, మాట్లాడగలిగేంత కానీ పాట పాడలేనంత వేగంతో. రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలు అదనంగా నడిచినా మంచిదే. నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకుండా చూసుకోండి, బొడ్డు దగ్గర టేపు పెట్టి, ఊపిరి బిగబట్టకుండా.

డాక్టర్ మాత్ర రాస్తే

భయపడకండి. స్టాటిన్ అనేది లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది, తయారీ తగ్గిన లివర్ రిసెప్టర్లు పెంచుకుని రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లాగేసుకుంటుంది. ఈ రిసెప్టర్ని కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ వచ్చింది. మొదటి స్టాటిన్‌ని జపాన్‌లో అకిరా ఎండో 1970లలో ఒక బూజులోంచి తీశారు. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎక్కువ మోతాదు రోసువాస్టాటిన్‌తో ఎల్‌డీఎల్ 60 దగ్గరికి దించి, రెండేళ్ల తర్వాత గుండె నాళాల్లోకి అల్ట్రాసౌండ్ పంపి చూస్తే పేరుకున్నది కాస్త తగ్గిందని తేలింది. అంటే వచ్చేది బాగా తగ్గితే మోసుకుపోయే పని ముందుకి సాగుతుందన్నమాట. స్టాటిన్ ఒక్కటీ సరిపోకపోతే ఎజెటిమైబ్ ఇస్తారు, అది పేగు కొలెస్ట్రాల్‌ని తిరిగి పీల్చుకునే తలుపునే మూస్తుంది, పైన గుమ్మం అన్నానే, అక్కడే.

మాత్ర మొదలుపెట్టాక 4 నుంచి 12 వారాల్లో మళ్లీ రక్తం ఇవ్వండి. అంకె దిగింది కదా అని మానేయకండి, మానేస్తే కొన్ని వారాల్లోనే పాత చోటికి వచ్చేస్తుంది. ఈ పొరపాటు మా ఇంట్లోనే జరిగింది. మా నాన్న రిపోర్టు బాగుందని ఎవరో చెబితే మాత్ర ఆపేశారు, నేనప్పుడు వేరే ఊళ్లో ఉన్నాను, ఎనిమిది నెలల తర్వాత స్టెంటుతో ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు గానీ నాకు తెలియలేదు. కండరాల నొప్పి విపరీతంగా వచ్చినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే డాక్టర్‌కి చెప్పండి. షుగర్ స్వల్పంగా పెరగొచ్చు, దానికోసం మానేయాల్సిన పని లేదు. గర్భం దాల్చాలనుకునేవాళ్లు ముందే చెప్పాలి.

ఆగకూడనివాళ్లు కొందరున్నారు. ఎల్‌డీఎల్ 190 గానీ అంతకు మించి గానీ ఉన్నా, మడమ వెనక తాడులా ఉండే స్నాయువు లావుగా గడ్డకట్టినట్టున్నా, చిన్న వయసులోనే కనురెప్పల మీద పసుపు మచ్చలున్నా, ఇంట్లో మగవాళ్లకి 55 లోపు, ఆడవాళ్లకి 65 లోపు గుండెపోటు వచ్చి ఉన్నా అది వంశంలో వచ్చే రకం కావచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. తిండి మార్చి చూద్దాం అని ఏడాది గడపకండి, గుండె డాక్టర్‌ని కలవండి, పిల్లలకీ పరీక్ష చేయించండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

ఆ 34 ఆయన మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చారు. డాక్టర్ స్టాటిన్ రాశారు, బీడీ మానేశారు, నూనె క్యాన్ మీద తేదీ రాస్తున్నారట, వాళ్లావిడ వారంలో నాలుగు రోజులు పెసరట్టో ఓట్స్ ఉప్మానో చేస్తున్నారట. రిపోర్టు ఇచ్చాను. మొత్తం కొలెస్ట్రాల్ 154, ట్రైగ్లిజరైడ్లు 260 నుంచి 165కి దిగాయి. ఆయన వేలు మళ్లీ హెచ్‌డీఎల్ దగ్గరికే వెళ్లింది. "మేడం, ఇంత చేస్తే 36 అయిందా, రెండేనా పెరిగింది?" అన్నారు దిగులుగా. పెన్ను ఆయన చేతికే ఇచ్చి తీసివేత చేయమన్నాను. 154లోంచి 36 పోతే 118. పాత రిపోర్టు మీద నేను గీసిన గుండ్రం పక్కన పెట్టి చూసుకున్నారు, 181, 118. కాసేపు ఏమీ మాట్లాడలేదు. బీపీ ఉన్న మనిషి కాబట్టి ఆయన హద్దు 100, ఇంకా 18 దిగాలి. ఆ సాయంత్రమే డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉందన్నారు, దీపావళి అయ్యాక మళ్లీ రక్తం ఇవ్వడానికి వస్తానన్నారు.